ఎర్తు మనల్ని కాపాడుతుంది

"ఎర్తు మనల్ని కాపాడుతుంది," అంది కోమలవల్లి.

హాల్లోని టీచర్లు ఆ మాటను రెండుసార్లు తిరిగి అన్నారు. రెండోసారి అంటున్నప్పుడు వెనక బెంచీల్లో నవ్వు వినిపించింది. అణుచుకోబోతే ముక్కులోంచి బయటపడే నవ్వు. ఒకరి భుజం ఇంకొకరికి తగిలి వరసంతా పాకింది.

"ఏమైంది?" అని అడిగింది.

"ఏం లేదు మేడమ్. మా ధనశేఖరు ఇంట్లో ఎర్తు శానా కాపాడతా ఉండాదంట," అన్నాడొకతను.

మళ్ళీ నవ్వులు. ధనశేఖర్ అనే ఆ టీచరు, పొట్టి చేతుల తెల్లచొక్కా మనిషి, లేచి నిలబడి చేతులు జోడించాడు. "వాని మాట పట్టించుకోవద్దండి మేడమ్. మీరు చెప్పండి."

ఆమె ఇంకోసారి అడగలేదు. చార్టు తిప్పి తర్వాతి పాఠంలోకి వెళ్ళింది. కానీ ఆ పూటంతా ఆమె గొంతు కొద్దిగా ఎత్తుగానే ఉండిపోయింది.

బడులు తెరవకముందు, మే నెలాఖరున, తిరుపతిలో జరిగిన శిక్షణ అది. మండలానికి కొందరు చొప్పున టీచర్లు వచ్చారు. వీళ్ళు తిరిగి వెళ్ళి తమ మండలాల్లో మిగతావాళ్ళకు నేర్పాలి. వాళ్ళు పిల్లలకు నేర్పాలి. బరువు, వేడి, వెలుతురు, కరెంటు లాంటి మామూలు విషయాలను ఏ వయసు పిల్లలకు ఎలా చెప్పాలన్నది కోమలవల్లి పాఠం. ఒకే బావిలోకి మూడు పొడవుల తాళ్ళు వేసినట్టు ఉండాలని ఆమె టీచర్లకు చెప్పేది. పదో తరగతికి పటం గీసి లెక్క కట్టించాలి. ఏడో తరగతికి మూడు పుల్లల ప్లగ్గు విప్పి ఆకుపచ్చ తీగ చూపించాలి. మూడో తరగతికి మాత్రం ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యం కోసమే ఆమె ఎక్కువ కష్టపడేది. కరెంటు దారి తప్పితే ఆకుపచ్చ తీగ దాన్ని నేలలోకి తీసుకుపోతుంది, మనిషి ఒంట్లోకి రానివ్వదు. ఇదంతా వడగడితే ఆమెకు మిగిలింది మూడు మాటలు. ఎర్తు మనల్ని కాపాడుతుంది.

ఆ వాక్యాన్ని నేర్పే పద్ధతి ఆమె తండ్రి శఠగోపానిది. ఆయన గుడిలో ప్రబంధ పారాయణం చేసేవాడు. పొద్దున్నే కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని సంత చెప్పేవాడు. ఆయన ఒకసారి చెబితే తను రెండుసార్లు చెప్పాలి. అక్షరం జారితే మళ్ళీ మొదటికి రావాలి. అర్థం అడిగితే, "ముందు నోట్లో నిలవనీ. అర్థం దాని వేళకు అదే వస్తుంది," అనేవాడు. ఆయన పోయాక కోమలవల్లి ఆ పాశురాలను పెద్దగా తలుచుకున్నది లేదు. పద్ధతి మాత్రం ఒంట్లో ఉండిపోయింది. టీచర్లకు కూడా ఆమె సంతే చెప్పేది. వాళ్ళకిది కొత్తగా, కొంచెం సరదాగా ఉండేది.

ఆ సాయంత్రం తిరుచానూరు రోడ్డులో పూల బుట్టల పక్కనుంచి ఇంటికి నడుస్తూ ఆమె ఆ నవ్వును విప్పి చూసుకుంది. తన చీరను చూసా? ఉచ్చారణకా? నడుస్తున్న కొద్దీ ఆమెకు ఒకటే తోచింది. కాపాడుతుంది అన్న మాటకే నవ్వి ఉంటారు. పెళ్ళి లేకుండా యాభై దాటిన ఆడమనిషి, అద్దె ఇంటి మేడ మీద ఒక్కతే ఉండేది, కాపాడటం గురించి గొంతెత్తి చెబుతుంటే వాళ్ళకు నవ్వొచ్చి ఉంటుంది. "నిన్నెవరు చూసుకుంటారే?" అని బంధువులంతా అడిగి అడిగి మానుకున్న ప్రశ్నను ఆ హాలు నవ్వుతూ అడిగింది. అలా అనుకోగానే నొప్పికి ఒక చోటు దొరికింది. చోటు దొరికిన నొప్పిని ఆమె చాలా బాగా భరించగలదు.

వాళ్ళు నవ్వింది ఆ మాటకు కాదని ఆమెకు అప్పుడు తెలియదు.

జూలై వచ్చేసరికి శిక్షణ వాట్సప్ గ్రూపులో వీడియోలు మొదలయ్యాయి. పలమనేరు వైపు ఒక బడి. పాకాల దగ్గర ఇంకొకటి. పిల్లలు చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊగుతూ పాడుతున్నారు. ఎర్తు మనల్ని కాపాడుతుంది. ఆమె చెవి పెట్టి విన్నది. తన నోటి నుంచి టీచర్లకు, వాళ్ళ నుంచి మరి కొందరికి, అక్కణ్ణుంచి పిల్లలకు. ఇన్ని నోళ్ళు మారినా ఒక్క అక్షరం చెడలేదు. ఆ తృప్తిలో హాల్లో నవ్విన వాళ్ళ మీద గెలిచిన రుచి కూడా ఉంది.

ఒక ఆదివారం పొద్దున ఆమె మెట్లు దిగుతుంటే ఇంటామె చంద్రకాంతమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆ ఎండలో పాత సాక్సుల మీద రబ్బరు చెప్పులు వేసుకుని ఉంది.

"ఏంటక్కా ఆ వేషం?"

"నవ్వుతావేమ్మా! వాషింగ్ మిషను ఎర్తు వస్తా ఉండాది. సెప్పుల్లేకుండా ముట్టుకుంటే జిల్లుమంటాది."

"ఎర్తు రావడమేంటి?"

చంద్రకాంతమ్మ తడి చీరను దులిపి ఆమె వంక చూసింది. "కరెంటు పాఠాలు సెప్పే దానివి, నీకు తెలీదా? షాకయితే ఎత్తి పారేస్తాది. ఎర్తయితే ఊరికే జిల్లుమంటాది. మా ఇంట్లో ఫ్రిజ్జుకీ వస్తాది. ఈ వీధిలో ఎర్తు రాని ఇల్లు యాడుండాది?"

కోమలవల్లి రెయిలింగు పట్టుకుంది.

"మా మనవరాలయితే ఇంకో మాట సెప్పింది, ఇను," అంది చంద్రకాంతమ్మ నవ్వుతూ. "బడిలో సెప్పినారంట. అవ్వా, ఎర్తు మనల్ని కాపాడుతుంది, సెప్పులిప్పేసి పట్టుకో, ఏం కాదు, అంటాది. కాలం ఎట్లా మారిపోయిందో సూడు."

మొదట కోమలవల్లికి కలిగింది ఊరట. హాల్లో వాళ్ళు నవ్వింది తనను చూసి కాదు. ధనశేఖర్ ఇంట్లో ఏ గ్రైండరో జిల్లుమంటుంది. దాన్ని వాళ్ళంతా ఎర్తు అంటారు. కాపాడుతుంది అన్న మాటలో ఏ వెటకారమూ లేదు. ఇన్నాళ్ళుగా ఛాతీలో మోస్తున్నది కరిగి, తేలికైన ఊపిరి ఒకటి బయటికి వచ్చింది. ఆ తర్వాతే, ఆ ఊపిరి పూర్తవుతుండగా, మనవరాలి మాట ఆమెకు వినపడింది. ఈ వరస ఆమెను భయపెట్టింది. పిల్లలకంటే ముందు తను గుర్తొచ్చింది.

తాను పుస్తకంలోని ఎర్తును చెప్పింది. జిల్లా అంతా వీధిలోని ఎర్తును విన్నది. రెండూ ఒకే అక్షరాలు కాబట్టి ఎవరూ ఏదీ దిద్దలేదు.

ఆమె మేడెక్కి గ్రూపులో పెద్ద సందేశం రాసింది. మనం ఇళ్ళలో ఎర్తు అనేది నిజానికి కరెంటు కారడమనీ, అది ప్రాణం తీయగలదనీ, ఎర్తు తీగ వేరనీ, పిల్లల చేత ఆ వాక్యం చెప్పించడం వెంటనే ఆపాలనీ. జవాబులు తొందరగానే వచ్చాయి. నమస్కారం బొమ్మలు. "ఓకే మేడమ్." "నోటెడ్ మేడమ్." "చక్కగా వివరించారు." చివర్న ఒకరు: "కొత్త వాక్యం ఒక్క లైనులో పంపండి మేడమ్, పిల్లలకు సంత చెప్పించేస్తాం."

ఆమె టైపు చేసి చెరిపింది. ఎర్తు మంచిది అంటే అబద్ధం. చెడ్డది అన్నా అబద్ధమే. మళ్ళీ టైపు చేసి మళ్ళీ చెరిపింది.

అంతలో ధనశేఖర్ నుంచి కొత్త వీడియో వచ్చి పడింది. ఆమె సందేశం చదివి పెట్టినట్టు లేదు. కింద "మా పిల్లల కృత్యం" అని రాశాడు. సిమెంటు తొట్టి మీద ఇనప పైపు, దానికి కుళాయిలు. ఒక పాప పైపు పట్టుకుని ఉంది. ఇంకో చేత్తో పక్క పిల్లవాడిని, వాడు పక్క పిల్లను, అలా గొలుసుగా నిలబడ్డారు. అందరివీ ఉత్త కాళ్ళు. కింద నీళ్ళు. అందరూ పాడుతున్నారు.

ఆమె ధనశేఖర్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. సాయంత్రం దాకా చేస్తూనే ఉంది. సోమవారం పొద్దున తొలి బస్సెక్కింది. రాత్రి వాన పడినట్టుంది, చిత్తూరు దాటాక రోడ్డు నల్లగా మెరుస్తోంది.

బంగారుపాళ్యం దగ్గర దిగేసరికి గుజ్జు ఫ్యాక్టరీల తియ్యటి పులుపు వాసన గొంతులో అంటుకుంది. మామిడికాయల ట్రాక్టర్లు వరస కట్టి నిలబడ్డాయి. ఆటో మాట్లాడుకుని తోటల మధ్య నుంచి బడికి చేరింది. రెండు గదులు, ఒక వంటపాక, మూలన ఆ తొట్టి.

ధనశేఖర్ ఎదురు పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్! చెప్పింటే బండేసుకోని హైవే కాడికి వచ్చిందును కదా! నిన్న వీడియో పంపినాక తోటలో కాయ కోతలకు పోయినా, ఫోను ఇంట్లోనే పెట్టేసినా. రేయ్, మేడమ్‌కు కుర్చీ ఎయ్యండి."

"పిల్లలెక్కడ?"

"ప్రేయరుకు వస్తా ఉండారు. మీ వాక్యం పిచ్చిగా పట్టేసుకున్నారు మేడమ్, ఇంటికాడ కూడా అదే పాటంట."

"ధనశేఖర్ గారూ, మీ ఇంట్లో గ్రైండరు జిల్లుమంటే దాన్ని ఏమంటారు?"

"ఎర్తు." నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. "అందుకే ఆ రోజు వాడు నన్ను ఎగతాళి చేసింది. మా ఆడామె దినామూ తిడతాది, బాగు చేయించవా అని."

"అది తెలిసి పిల్లలకెలా చెప్పారు?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరు చెప్పినారు కదా మేడమ్. ఇన్నాళ్ళూ మేమే తప్పుగా అనుకుంటా ఉన్నామేమో అనుకుంటి. పెద్ద ట్రైనింగులో పటాలు గీసి మరీ చెప్పినారు. రెండు తూర్లు చెప్పించినారు."

వీడియోలో పైపు పట్టుకున్న పాప తొట్టి దగ్గరే ఉంది. భానుప్రియ అని ధనశేఖర్ చెప్పాడు. మూడో తరగతి. కోమలవల్లి దగ్గరికి వెళ్ళేలోపే చెయ్యి పైపు మీద వేసింది.

"సూడండి మిస్. సీమలు పాకినట్ల ఉంటాది. వాన పడితే ఇంకా బాగా వస్తాది."

"తియ్. చెయ్యి తీసెయ్!"

పాప తీసింది. అరుపుకు బెదిరి తీసింది, పైపుకు కాదు.

కోమలవల్లి సంచిలోంచి టెస్టరు తీసి పైపుకు తాకించింది. ఎర్ర దీపం నిండుగా వెలిగింది. చుట్టూ మూగిన పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఎలిగింది! ఎలిగింది!"

"ఇది ప్రమాదం," అంది ఆమె. "ఇది పట్టుకుంటే చచ్చిపోతారు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేము దినామూ పట్టుకుంటాం మిస్," అంది భానుప్రియ, మర్యాదగా. "ఏం గాలేదు."

పిల్లలు తమ చేతులతో తేల్చుకున్న సంగతి అది. చూసి నమ్మండి, ముట్టుకుని నమ్మండి అని టీచర్లకు నేర్పింది తనే. ఈ పిల్లలకు ఇప్పుడు తన మాట రుజువు కావాలంటే ఒక్కటే దారి ఉంది. ఆ దారి వైపు తన మనసు ఒక క్షణం ఎదురుచూపు లాంటిదానితో తిరగడం ఆమె గమనించింది. ఎవరికైనా ఒక్కసారి ఏదైనా జరిగితే అందరూ నమ్ముతారు. ఆ ఆలోచనకు ముఖం ఉన్నట్టు, దాన్ని గుర్తుపట్టినట్టు, ఆమె పక్కకు చూసింది.

తర్వాత వాళ్ళను వరండాలో కూర్చోబెట్టింది. ఎర్తు అన్న మాటే లేకుండా చెప్పాలనుకుంది. వాక్యం ఈసారి వెంటనే దొరికింది.

"జిల్లుమంటే చెయ్యి తీసెయ్."

ఆమె ఒకసారి అంది. పిల్లలు రెండుసార్లు అన్నారు. అందులో తూగు ఉంది. నాలుగోసారికే అది పాటైపోయింది. కోమలవల్లికి రాత్రి నుంచీ బిగిసి ఉన్న భుజాలు వదులయ్యాయి.

పైపులోకి కరెంటు కారుతున్నది మోటారు నుంచే. మోటారు గదిలో ఎర్తు తీగ కోసం వెతికింది. తుప్పు పట్టి తెగి గోడ పక్కన వేలాడుతోంది. ట్యాంకు పగిలిపోయాక మోటారు వేస్తేనే కుళాయిల్లో నీళ్ళని ధనశేఖర్ చెప్పాడు.

"మోటారు వేయకూడదు. ఎలక్ట్రీషియన్ని పిలిపించండి."

"సీజను మేడమ్. ఒక్కడూ దొరకడు. అందరూ ఫ్యాక్టరీల్లోనే పడి ఉంటారు."

వంట చేసే కుప్పమ్మ పాకలోంచి వచ్చి చేతులు తిప్పింది. "నీళ్ళు లేకుంటే అన్నం యాడ ఒండేదమ్మా? ఇంతమంది పిల్లోళ్ళు ఎంగిలి చేతుల్తో పోవాల్నా? ఇన్ని దినాలు లేని బయం మీరు తెచ్చినారే!"

"ఈ ఒక్క పూట తోటల బావి నుంచి బిందెలతో తెప్పించండి. నేనే వెళ్ళి మనిషిని పిలుచుకొస్తాను."

చెప్పింది కానీ వాళ్ళ కళ్ళల్లో చూస్తే తను గేటు దాటగానే స్విచ్చి వేస్తారని అర్థమైంది. ఆమె స్విచ్చి ఆపి, ఫ్యూజు పీకేసి, సంచిలో వేసుకుంది. ధనశేఖర్ నోరు తెరిచి మూశాడు. పెద్దావిడ, పైనుంచి వచ్చిన మనిషి. పదకొండు దాటాక బండి మీద హైవే దాకా దింపి బస్సెక్కించాడు.

పెద్ద ఊళ్ళో అయితే మనిషి దొరుకుతాడని ఆమె చిత్తూరు బస్సే ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. సంచిలో చెయ్యి పెడితే పింగాణీ ఫ్యూజు చల్లగా తగిలింది. దాన్ని పిడికిట్లో పట్టుకుంది. కొద్ది సేపటికి వేళ్ళు నొప్పెట్టి విప్పబోయింది. ఎంత గట్టిగా పట్టుకుందో, వెంటనే విడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది.

పదో తరగతికి తను చెప్పే పాఠంలోనే ఉంది అది. జిల్లుమనేంతవరకే చెయ్యి మన మాట వింటుంది. కరెంటు కాస్త పెరిగితే కండలు బిగుసుకుపోతాయి. పట్టుకున్న చెయ్యి వదలదు. వదలాలనుకున్నా వదలదు. పదో తరగతికి చెప్పి, మూడో తరగతికి అక్కర్లేదని వదిలేసింది. జిల్లుమంటే చెయ్యి తీసెయ్. ఆ వాక్యం పాటించాలంటే ముందు పట్టుకోవాలి. పట్టుకుని చూసి, జిల్లుమందో లేదో తేల్చుకోవాలి. ముట్టుకోవద్దు అని తను చెప్పనే లేదు.

ఫోను మోగింది. ధనశేఖర్.

"మేడమ్, మీరేం అగసాట్లు పడొద్దు. మోటారు ఆన్ అయిపోయింది."

"ఫ్యూజు నా దగ్గరుంది కదా!"

"మా తోట కాపలా చిన్నబ్బ వచ్చినాడు మేడమ్. ఫ్యూజు ఉండే కాడ మంచి దొడ్డు తీగ ఒకటి చుట్టేసినాడు. ఇంతకముందు ఆ సన్న ఫ్యూజు వాన పడినప్పుడల్లా పోతా ఉండె, మోటారు ఆగిపోతా ఉండె. ఇంక ఆ పీడే లేదు."

వాన పడినప్పుడల్లా. ఎర్తు తీగ తెగిన ఆ బడిలో ఇన్నాళ్ళు మిగిలిన ఒకే ఒక్క కాపుదల ఆ సన్న ఫ్యూజే. కరెంటు మితిమీరినప్పుడల్లా తను కాలిపోయి మోటారు ఆపేది. దాన్ని ఆమె సంచిలో వేసుకుని బస్సెక్కింది.

"ఆపండి. ఇప్పుడే స్విచ్చి ఆపండి!" బస్సులో తలలు ఆమె వైపు తిరిగాయి. ఆమె లేచి నిలబడి డ్రైవరు వైపు నడుస్తూనే అరిచింది. "పిల్లల్ని దూరంగా పంపండి!"

"కుప్పమ్మ అన్నం ఒడ్డించేసింది మేడమ్, చేతులు కడుక్కుంటా ఉండారు. వరస సగంలో ఉండాది. అయిపోయినాక ఆపుతా. మీ కొత్త వాక్యం కూడా చెప్పిస్తా ఉండా, ఇనండి."

"ధనశేఖర్, వాక్యం వద్దు. ఏ వాక్యమూ వద్దు. పరుగెత్తి స్విచ్చి ఆపు."

ఆమె అతన్ని ఎప్పుడూ నువ్వు అనలేదు. అది అతనికి తగిలినట్టుంది. "సరే మేడమ్, సరే, పోతా ఉండా," అన్నాడు. ఫోను జేబులో పడిన చప్పుడు. గుడ్డ రాపిడి. అడుగులు.

బస్సు ఆగింది. ఆమె హైవే పక్క మట్టిలోకి దిగింది. లారీలు మీదికొచ్చినట్టు వచ్చి దాటిపోతున్నాయి. ఫోనును చెవికి నొక్కి, రెండో చెవి అరచేత్తో మూసుకుంది. మోటారు గది బడి వెనక ఉంది. తొట్టి దాటుకునే వెళ్ళాలి. తొట్టి దగ్గరవుతున్న కొద్దీ పిల్లల గొంతులు పెద్దవయ్యాయి. వంతులవారీగా పాడుతున్నారు. ఒకరు కుళాయి తిప్పి పాడతారు, తర్వాతి వాళ్ళు ముందుకొస్తారు. ఒక్క అక్షరం చెడలేదు. జిల్లుమంటే చెయ్యి తీసెయ్. జిల్లుమంటే చెయ్యి తీసెయ్.

ఆ గొంతుల కింద, సన్నగా, మోటారు తిరుగుతూనే ఉంది.